మూడు పొయ్యిలు

హాజ్జా సిత్తనా చేసింది తప్పే. కాకపోతే చేసిన రోజున అది తప్పని ఆ వీధిలో ఎవరికీ తోచలేదు. ఆమెకైతే అసలే తోచలేదు.

గెదారిఫ్ ఊరి చివర బడి ఆవరణలో నల్లరేగడి బురద చెప్పులను పట్టి లాగుతోంది. పొద్దున్నే వచ్చి వరసలో నిలబడిన సిత్తనాకు తన వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. బల్ల వెనక కూర్చున్న బాబికర్ మాస్టారు కాగితం మీద వేలు పెట్టి వెతికాడు. యుద్ధం రాకముందు ఆయన ఇదే బడిలో లెక్కలు చెప్పేవాడు. బడి మూతపడ్డాక వీధి కమిటీ తరఫున సాయం జాబితాలు చూస్తున్నాడు.

"సిత్తనా అల్-నూర్. కుటుంబం ఒకటి. మనుషులు ఏడుగురు. సగం వంతు."

"ఏడుగురెవరు మాస్టారూ? మా ఇంట్లో పదమూడు మంది."

"కార్డుకి ఏడుగురికి మించి ఎక్కరు హాజ్జా. కుటుంబానికో కార్డు. మీది ఒక్క కుటుంబమని రాసుంది."

"మరి సగమేంటి?"

"సగం అందరికీ. పైనుంచే సగం వచ్చింది. డబ్బులిచ్చే దేశాలు మన గోల విని విని విసుగెత్తిపోయాయంట. పప్పు ఈసారి లేదు. నూనె ఒక సీసా. ఇక్కడ వేలిముద్ర వెయ్యండి."

"ముందు సంగతి తేల్చండి. ఒక్క కుటుంబమని ఎవరు రాశారు?"

మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు. "మీరే చెప్పారు హాజ్జా. చూడండి, 'ఒకే కుండ' అని పక్కన రాసి మరీ పెట్టాడు."

నిజమే, చెప్పింది. పోయిన నెల సాయం సంస్థ మనిషొకడు ట్యాబ్ పట్టుకుని వాకిట్లోకొచ్చి, ఈ ఇంట్లో వేరుగా వండుకునే వాళ్ళు ఎందరని అడిగాడు. అప్పుడు ఆమె ఆడపడుచు బతూల్ మంచం మీద కూర్చుని కూతురికి జడ అల్లుతోంది. గుమ్మం పక్కన హవా గిన్నెలు తోముతోంది. ఇద్దరూ వింటున్నారు. తన చూరు కిందికొచ్చి తలదాచుకున్న వాళ్ళు వింటూండగా, వీళ్ళ తిండి వేరు నా తిండి వేరు అని ఏ నోటితో అనగలదు మనిషి? అలా అనడం, మెడపట్టి వీధిలోకి తోయడం రెండూ ఒకటే. సిత్తనాకు ఒళ్ళు మండిపోయింది. "ఈ ఇంట్లో వేరు అన్న మాటే లేదు నాయనా. ఒకే పొయ్యి, ఒకే కుండ, ఒకే పళ్ళెం. బాగా రాసుకో," అంది. అతను రాసుకున్నాడు. అంత బుద్ధిగా రాసుకుపోతాడని ఆమెకేం తెలుసు?

పక్క వరసలోంచి ఎదురింటి షూల్ గాడిదబండి మీద నాలుగు గోతాలు పేర్పించుకుంటోంది. ఆమె ఇంట్లో ఉన్నది తొమ్మిది మంది. నలుగురు కోడళ్ళను నాలుగు కుటుంబాలుగా రాయించింది. అందులో ఒక కోడలు పెళ్ళికి ముందే.

"ఏం హాజ్జా, ఒక్క గోతమేనా?" అంది షూల్. "రా, బండిలో చోటుంది. నీ గోతం, నీ పరువు రెండూ పడతాయి."

"నా పరువుకి బండక్కర్లేదులే. నీ నాలుగో కోడలు ఇంకా పుట్టింట్లోనే ఉందిగా, దానికి కూడు పంపిస్తావా?"

"పంపిస్తా. నీకూ ఒక దోసెడు పంపిస్తా," అని పకపకా నవ్వి షూల్ బండి తోలించుకుపోయింది. సిత్తనా వేలిముద్ర వేసి, సగం గోతం జొన్నలు నెత్తినెత్తుకుని బురదలో ఇంటిదారి పట్టింది. సీసాలో నూనె నడకకు తగ్గట్టు గళగళలాడుతూ వచ్చింది.

*

సిత్తనా ఇంట్లో ధాన్యమంతా ఒక రేకు డ్రమ్ములో ఉంటుంది. దాని పక్కనే ఆమె పెనం. ఆ పెనం మీద ముప్ఫై ఏళ్ళుగా కిస్రా చేస్తోంది. పులిసిన జొన్నపిండి గరిటెతో పోసి, ఖర్జూరపు మట్ట ముక్కతో ఒక్క లాగు లాగితే కాగితమంత పల్చగా పరుచుకుంటుంది. అంచు లేచీ లేవగానే రెండు చేతులా ఎత్తి తట్టలో వేస్తుంది. భర్త పోయాక కూతురు రిహాబ్‌ను ఆ పెనమే పెంచింది. బజారులో ఆమె తట్ట కోసం జనం కాచుకుని ఉండేవారు. ఇప్పుడు అమ్మకానికి పిండి మిగలడం మానేసి నాలుగు నెలలైంది. వండింది వండినట్టు పళ్ళెంలోకే పోతోంది.

పళ్ళెం చుట్టూ పదమూడు మంది. సిత్తనా, రిహాబ్. ఒమ్‌దుర్మాన్ నుంచి అయిదుగురు పిల్లలతో వచ్చిన బతూల్. ఇక హవా, ఆమె ముగ్గురు పిల్లలు, ఆమె ముసలి తండ్రి. హవా వాళ్ళకు ఏమీ కాదు. దేశానికి పడమటి కొసనున్న సొంత ఊరు వదిలి రాజధానిలో చెట్టు కింద టీ కాచి అమ్ముకునేది. అక్కడి నుంచి సింజాకు, సింజా నుంచి ఇక్కడికి పరుగెత్తుకొచ్చింది. ఆరు నెలల కిందట లారీ దిగి, ఈ గోడ నీడలో కాసేపు కూర్చోవచ్చా అని అడిగింది. సిత్తనా గోడ నీడ ఏం ఖర్మ, లోపలికి రమ్మంది. అంతే, మళ్ళీ ఆ విషయం ఎవరూ ఎత్తలేదు.

"వదినా, ఆ ఒక్క మాట నీ నోట్లోంచి రాకపోయుంటే ఇవాళ మూడు గోతాలొచ్చుండేవి," అంది బతూల్, డ్రమ్ములోకి తొంగి చూస్తూ.

"నిన్ను వేరని చెప్పమంటావా? మీ అన్నయ్య గోరీలోంచి లేచొస్తాడు."

"రానీ. వస్తే ఆయనకీ ఒక కార్డు రాయిద్దాం."

రిహాబ్ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. హవా మాత్రం నవ్వలేదు. చాటలో జొన్నలు పోసుకుని రాళ్ళేరుతోంది. ఏరిన ఒక్కో రాయినీ గోడవతలికి విసురుతోంది.

మర్నాడంతా తప్పు దిద్దించడానికే సరిపోయింది. ఫిర్యాదులకని కార్డు వెనక ఒక నంబరుంది. రిహాబ్ మిద్దె మెట్టెక్కి, ఫోను గాల్లోకెత్తి, అరగంట తిప్పలు పడితే ఒకసారి పలికింది. 'మీ మాట మాకెంతో విలువైనది' అని ఒక ఆడగొంతు చెప్పి పాట పెట్టింది. పాట సగంలో లైను పోయింది. రెండోసారి పలికితే అదే గొంతు, అదే పాట. మూడోసారి ఫోనులో బ్యాటరీ చచ్చింది. సిత్తనా పట్నంలో ఆ సంస్థ ఆఫీసు దాకా నడిచి వెళ్ళింది. గేటు దగ్గర కాపలావాడు లోపలికి పోనివ్వలేదు, నంబరుకి ఫోను చెయ్యమన్నాడు. చేశానయ్యా, పాట వినపడిందంది. పాట వచ్చిందంటే పనిచేస్తున్నట్టేనన్నాడు. ఆ మాట అన్నవాడి మొహంలో వెటకారం కూడా లేదు. ఆమెకు అదే మరీ మంటెత్తించింది.

సాయంత్రం ప్రార్థన కాకముందే బాబికర్ మాస్టారు తనే ఇంటికొచ్చాడు. వాకిట్లో మంచం వాల్చి కూర్చోబెట్టారు.

"బుధవారం తనిఖీకి వస్తున్నారు హాజ్జా. జాబితా అంతా మళ్ళీ చూస్తారు. మీ సంగతి చెప్పాను, మూడు కుటుంబాలని. కానీ నా మాట చాలదు. వాళ్ళ కళ్ళకి కనపడాలి."

"ఏం కనపడాలి?"

"పొయ్యి వేరుగా ఉండాలి. కుండ వేరు, పడక వేరు. వాళ్ళ లెక్కలో కుటుంబమంటే పొయ్యే."

"ఉన్నది ఒక్క పొయ్యి. అబద్ధమాడమంటారా నన్ను?"

"మొన్న మీరాడిందే అబద్ధం. మీరు మూడు కుటుంబాలు. మర్యాదకి ఒకటన్నారు."

"అది అబద్ధమా మాస్టారూ?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "నేను లెక్కల మాస్టర్ని హాజ్జా. లెక్కల్లో అబద్ధమే," అన్నాడు.

*

మంగళవారం పొయ్యిలు లేచాయి. సిత్తనా పొయ్యి ఎప్పట్లాగే వంటపాకలో ఉంది. బతూల్ తన పొయ్యి గోడ పక్కన మూడు ఇటుకలతో చిటికెలో పెట్టేసి, షూల్ ఇంటి నుంచి ఒక కుండ అరువు తెచ్చుకుంది. పొయ్యిలో పాత బూడిద చల్లి, ఏడాదిగా వండుతున్నట్టు మసి కూడా పూసింది.

"ఇంత తెలివి ఒమ్‌దుర్మాన్‌లో ఎక్కడ దాచావే?" అంది సిత్తనా.

"అక్కడ అవసరం రాలేదు వదినా. అక్కడ మాకు గ్యాసుండేది."

హవా ఇటుకలు ముట్టుకోలేదు. వాగు దాకా వెళ్ళి, కొంగులో మూటకట్టి మూడు రాళ్ళు మోసుకొచ్చింది. గేటు పక్క చుట్టిల్లులా వేసిన చాప నీడలో నేల చదును చేసి, రాళ్ళు అటూ ఇటూ జరిపి, కుండ పెట్టి చూసి, తీసి, మళ్ళీ జరిపింది. తర్వాత మట్టి పిసికి రాళ్ళ మొదళ్ళు మెత్తింది. తడి చేత్తో నున్నగా అలికింది. ఆ పని ముగిసేసరికి మధ్యాహ్నమైంది. సిత్తనా చూస్తూ చూస్తూ ఉండలేకపోయింది.

"రేపు ఒక్క పూట భాగోతానికి ఇంత అలుకుడెందుకే?"

"రాళ్ళు ఊగితే కుండ ఒరిగిపోతుంది హాజ్జా," అంది హవా, తలెత్తకుండా.

ఆ తర్వాత పిల్లలకు పాఠం. బతూల్ ఎనిమిది మందినీ వరసగా నిలబెట్టి, ఎవరి పొయ్యి ఏదో చూపించమంది. పెద్దవాళ్ళు బాగానే చూపించారు. హవా చిన్నకూతురు తూమాకు నాలుగేళ్ళు. అది తిన్నగా వంటపాకలోకి నడిచి సిత్తనా పెనం మీద చెయ్యి పెట్టింది.

"అది కాదే, నీది గేటు దగ్గరుంది. మళ్ళీ చెప్పు, మీ పొయ్యి ఏది?"

తూమా మళ్ళీ పెనమే చూపించింది. అందరూ నవ్వారు. మూడోసారి కూడా చూపించేసరికి బతూల్ దాని రెక్క పట్టి గేటు దాకా లాక్కుపోయింది. పిల్ల రాగం అందుకుంది. హవా వచ్చి కూతుర్ని ఎత్తుకుంది.

"పసిదానికి వేరు నేర్పిస్తున్నాం," అంది సిత్తనా. "బళ్ళు మూసేశారని ఏడుస్తున్నాం గానీ, చదువులకేం లోటు."

ఇంట్లో చివరి పప్పు ఒక గ్లాసుంది. దాన్ని రెండు పాళ్ళు చేసి, పొద్దున వండడానికి బతూల్‌కు సగం, హవాకు సగం ఇచ్చింది. తన కుండలోకి నీళ్ళు, ఉప్పు చాలనుకుంది. ఎవరి పేరు ఎక్కినా తిండి ఈ డ్రమ్ములోకేగా వచ్చేది అని తనకు తాను చెప్పుకుంది. అలా చెప్పుకున్నా ఆ పూటంతా వాకిట్లోకి చూడబుద్ధి కాలేదు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ ఇక్కడ ఒకటే పొగ లేచేది.

*

బుధవారం పదింటికి తనిఖీకి సులాఫా అనే అమ్మాయి వచ్చింది. ఈ ఊరి పిల్లే. ఒంటి చుట్టూ కప్పుకున్న తెల్లటి తోబు అంచు బురదకు తడిసింది. చేతిలో ట్యాబ్.

బీదరికం చూపించుకోవలసిన రోజున సిత్తనా తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, మంచం మీద ఉతికిన దుప్పటి పరిచింది. గంధపు చెక్క ముక్కొకటి నిప్పుల మీద వేసింది. ఇంటికొక మనిషి వస్తోంది, ఎట్లా వచ్చినా మనిషే. చక్కెర షూల్ దగ్గర బదులు తెచ్చి, మూడు చెంచాలు వేసి టీ ఇచ్చింది. సులాఫా వద్దనలేక తీసుకుంది. గుక్కెడు తాగి, గ్లాసు పక్కన పెట్టి, పని మొదలుపెట్టింది.

ముందు బతూల్ పొయ్యి. మూత తీసి పప్పు చూసింది, పిల్లలను లెక్కపెట్టింది, రాసుకుంది. తర్వాత హవా పొయ్యి. ముసలాయన చాప మీద గోడకానుకుని కూర్చున్నాడు.

"నిన్న ఎన్నిసార్లు తిన్నారు?"

"ఒకసారి," అంది హవా.

"మొన్న?"

"ఒకసారే. నాన్న తినలేదు. పిల్లలకి చాలలేదని ముద్ద ముట్టలేదు."

వంటపాక గుమ్మంలో నిలబడ్డ సిత్తనాకు చెంప మీద కొట్టినట్టయింది. మొన్న పళ్ళెం పెట్టింది తను. ముసలాయన తినలేదని తనకు తెలియదు. తన పళ్ళెం చాలలేదని ఎవరో ఊరి పిల్లకు, ట్యాబ్‌లో ఎక్కేలా చెప్పాలా?

సులాఫా ఆమె దగ్గరకొచ్చింది. పెనం చూసింది, ఇటుక గోడ చూసింది, ఇనప గేటు చూసింది. పొయ్యి మీద కుండ మూత ఎత్తబోయింది.

"ఇప్పుడే ఎసరు పెట్టా," అంది సిత్తనా గబగబా. "నువ్వు ఉండి, ఇంత తిని వెళ్ళాలి."

"వద్దు హాజ్జా, ఇంకా నలభై ఇళ్ళున్నాయి. మీకు తిండికి ఇబ్బందిగా ఉందా?"

"దేవుడి దయ తల్లీ. బాగున్నాం."

ఆ అమ్మాయి వేలు ట్యాబ్ మీద ఆగింది. తలెత్తి సిత్తనా మొహంలోకి చూసింది. ఇది ఏ మాటో సులాఫాకు తెలుసు. ఆమె తల్లి కూడా ఇంటికొచ్చినవాళ్ళతో ఇదే అంటుంది.

"అట్లా కాదు హాజ్జా. మీరేమంటే నేనది రాయాలి. మళ్ళీ అడుగుతున్నా. ఇంట్లో ఆకలి ఉందా?"

బతూల్ వెనక నుంచి కళ్ళెర్రజేస్తోంది. రిహాబ్ తల్లి మోచెయ్యి గిల్లింది. సిత్తనాకు తెలుస్తూనే ఉంది, ఒక్క మాట చాలని. ఉందమ్మా అంటే అయిపోతుంది. కానీ తను పోసిన టీ తాగుతున్న మనిషి ముందు, తన వాకిట్లో నిలబడి ఆ మాట నాలుక మీదికి రాదే! యాభై అయిదేళ్ళలో ఒక్కసారి అని ఉంటే కదా వచ్చేది.

"ఏదో గడిచిపోతోంది. దేవుడు ఎవరి కడుపూ మాడ్చడు," అంది చివరికి.

సులాఫా నిట్టూర్చి రాసుకుంది. గ్లాసులో మిగిలిన టీ తాగేసి, దీవించి వెళ్ళిపోయింది.

గేటు మూసీ మూయగానే బతూల్ నెత్తి బాదుకుంది. "గడిచిపోతోందా? కుండలో నీళ్ళు మరుగుతున్నాయి, గడిచిపోతోందా వదినా?"

సిత్తనా ఆమె మీదికి పోలేదు. హవా మీదికి పోయింది.

"నా ఇంట్లో మీ నాన్న పస్తున్నాడని పరాయివాళ్ళకి చెప్తావా? నాతో ఒక్క మాట అన్నావా?"

"ఆమె అడిగింది హాజ్జా, చెప్పాను," అంది హవా. "మీరు ఎప్పుడూ అడగలేదు."

*

శనివారం జాబితా బడి తలుపుకు అంటించారు. ఈ విడతకు వచ్చిన సరుకు మొదటి తరగతి వాళ్ళకే సరిపోతుందని పైన పెద్దక్షరాలతో రాశారు. సిత్తనా పేరు మీద గీత కొట్టేసి ఉంది. పక్కన కారణాలు: సొంత ఇల్లు, సంపాదన సాధనం ఉంది, ఆకలి లేదు. బతూల్ రెండో తరగతి, వేచి ఉండాలి. హవా, అయిదుగురు, మొదటి తరగతి.

"సంపాదన సాధనమేంటి?" అంది సిత్తనా.

"పెనం హాజ్జా," అన్నాడు బాబికర్ మాస్టారు.

"దాని మీద వెయ్యడానికి పిండేది?"

"పిండి గడి వేరే ఉంటుంది. అందులో ఆమె ఏం రాసిందో నాకు తెలీదు."

"నన్ను ఇంకొకసారి అడగమనండి. ఈసారి సరిగ్గా చెప్తా."

"మూడు నెలల దాకా అడగరు." ఆయన గొంతు తగ్గించాడు. "మీ మీద నాకు కోపం కూడా రావట్లేదు. నా పేరు కూడా ఎగిరిపోయింది. జీతం వచ్చి పద్నాలుగు నెలలైంది, అయినా ఉద్యోగస్తుణ్ణంట. జాబితా రాసేది నేను, జాబితాలో లేనిది నేను. ఎవరితో చెప్పుకోమంటారు?"

ఆ వెనకే షూల్ అరుపులు. ఆమె నాలుగు పొయ్యిల్లో మూడు కొట్టేశారు. నాలుగో కోడలికి మొగుడెవరని అడిగితే మిగతా ముగ్గురు కోడళ్ళూ మూడు పేర్లు చెప్పారట. ఇంకో రోజైతే సిత్తనా కడుపుబ్బ నవ్వేది. ఇప్పుడు ఆమెకు ఎవర్ని తిట్టాలో అర్థం కాలేదు. ఆ పిల్లను తిడదామంటే రెండుసార్లు అడిగింది. మాస్టార్ని తిడదామంటే ఆయనా తనలాంటివాడే. ఎక్కడో సముద్రాల అవతల చల్లటి గదుల్లో కూర్చుని సగం చేద్దాం, అందులో మళ్ళీ సగం చేద్దాం అనుకునే వాళ్ళ మొహాలు ఆమె ఎప్పుడూ చూడలేదు. మొహం తెలియని వాళ్ళ మీద కోపం ఎంతసేపని నిలుస్తుంది? అది తిరిగి తిరిగి ఇంటికే వచ్చింది.

హవా గోతం తెచ్చుకునే వేళకు అందరూ వాకిట్లోనే ఉన్నారు. సిత్తనా డ్రమ్ము మూత తీసి పక్కన పెట్టింది. లోపల గోడలకు అంటుకున్న గింజలను చేత్తో కిందికి రాల్చింది. వచ్చినదాన్ని పదమూడు మందికీ ఎన్నాళ్ళు లాగాలో అప్పుడే మనసులో కొలత వేసుకుంటోంది.

గోతం నెత్తిన పెట్టుకుని హవా గేటులోంచి వచ్చింది. వాకిలి దాటి వంటపాక వైపు రాలేదు. చాప నీడ కింద, తన పొయ్యి పక్కన గోతం దించింది. మెడ అటూ ఇటూ తిప్పుకుని, మూతి తాడు విప్పడం మొదలుపెట్టింది.

సిత్తనా డ్రమ్ము మూత తెచ్చి మళ్ళీ పెట్టేసింది.

"చూశావా వదినా," అంది బతూల్ మెల్లగా. "ఆరు నెలలు."

"నోర్ముయ్," అంది సిత్తనా. లోపలికెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. మనసులో మాత్రం బతూల్ కన్నా ఎక్కువే అంది. నీడనిచ్చాను, పక్కనిచ్చాను, నా కూతురి దుప్పటి తీసి దాని పిల్లలకు కప్పాను. దాని పేరు ఎక్కడానికి నా పప్పు ఇచ్చాను. నాకే అన్యాయం చేస్తుందా? రేపు ఆ రాళ్ళు పీకి వాగులో పారేస్తాను, ఎక్కడ వండుకుంటుందో వండుకోనీ అనుకుంది. అనుకున్నందుకు సిగ్గేసింది. సిగ్గేసినా కోపం తగ్గలేదు.

బయట నుంచి చప్పుళ్ళు వినిపిస్తూనే ఉన్నాయి. రాతి మీద జొన్నలు నలిగే చప్పుడు, చాలాసేపు. కుండలో నీళ్ళు పోసిన చప్పుడు. వానకు మొలిచిన ఆకుకూర తరిగే చప్పుడు. తర్వాత సంకటి తెడ్డు కుండ అంచుకు తగులుతూ గుండ్రంగా తిరిగే చప్పుడు. తిప్పుడు బలంగా ఉంది, ఎక్కడా ఉండకట్టనివ్వని చెయ్యి. ఆరు నెలలుగా హవా ఈ ఇంట్లో గిన్నెలు తోమింది, నీళ్ళు మోసింది, రాళ్ళేరింది. తనిఖీ నాటి ఆ కాస్త పప్పు తప్ప, ఆమె వండగా సిత్తనా ఎప్పుడూ వినలేదు.

పొద్దువాలే వేళ అసర్ ప్రార్థన పిలుపు అయ్యాక గుమ్మంలో నీడ పడింది.

"హాజ్జా, లేవండి. భోజనానికి రండి. బతూలక్కని, పిల్లల్ని కూర్చోబెట్టాను."

"నాకు ఆకలి లేదు."

హవా కదల్లేదు. "ఆకలి లేదని ఆ అమ్మాయికీ చెప్పారు. పేరు కొట్టేశారు. నాకూ అదే చెప్తారా?"

సిత్తనా లేచి కూర్చుంది. ఏదో గట్టిగా అనాలని నోరు తెరిచింది. హవా చేతులు మోచేతుల దాకా పిండి. మొహం పొగకు కందిపోయింది.

"మీ డ్రమ్ములో పోస్తే మళ్ళీ మీ వంటే అవుతుంది హాజ్జా," అంది హవా. "ఆరు నెలలు మీ వంట తిన్నాం. నా పిల్లలు నా గింజలతో నేను వండింది తిని రెండేళ్ళయింది. గోతం ఉన్నన్నాళ్ళూ నేను వండుతా. మీరు తినాలి."

చాప నీడలో పళ్ళెం పెట్టి ఉంది. అది సిత్తనా పళ్ళెం కాదు, షూల్ దగ్గర అడిగి తెచ్చింది. మధ్యలో గుండ్రంగా సంకటి, చుట్టూ ఆకుకూర పులుసు. పదమూడు మందికి అది చిన్న ముద్దే. హవా పెద్దకూతురు చెంబు తెచ్చి సిత్తనా చేతుల మీద నీళ్ళు పోసింది. ముసలాయన జరిగి తన పక్కన చోటు చూపించాడు. వచ్చిన చుట్టాన్ని కూర్చోబెట్టే చోటది. తన వాకిట్లో తను అక్కడ ఎప్పుడూ కూర్చోలేదు. సిత్తనా మోకాళ్ళు మడిచి కూర్చుంది.

ముద్ద తీసి పులుసులో అద్దింది. ఉప్పు తక్కువైంది. ఉప్పు తన దగ్గరుంది, హవా అడగలేదు. రెండో ముద్ద తీశాక గానీ గమనించలేదు, అది పిల్లల ముద్దకన్నా చిన్నగా ఉంది. తన వైపు పులుసు ఎంత తగ్గిందో కంటితో కొలుస్తోంది. తూమా వేళ్ళు తన వైపు వచ్చినప్పుడల్లా చెయ్యి వెనక్కి తీసుకుంటోంది. ఎక్కువ తింటున్నానేమో అని హవా మొహం వైపు చూస్తోంది. ఇదంతా ఎవరూ చెప్పకుండానే చేస్తోంది. ఇంత ఆకలి మీదున్నా, ఒకరి పళ్ళెంలో తినడం ఇంత కష్టమా?

పక్కన హవా తండ్రి కూడా చిన్న ముద్దే తీసుకున్నాడు. తినడం కన్నా నమలడం ఎక్కువ చేస్తున్నాడు. మూడు పూటలూ పెట్టాలని తను ఎంత తపించినా, పెట్టే చేతికి ఈ సంగతి తెలిసే దారే లేదు. ఆరు నెలలు వీళ్ళు ఇట్లాగే తిన్నారు. ఆ మాట మనసుకు తగిలేసరికి సిత్తనా కళ్ళు చెమర్చాయి. పొగ అనుకోవాలని కొంగుతో ఒత్తుకుంది.

హవా తన ముందున్న సంకటిని విరిచి ఆమె వైపు తోసింది. "తీసుకోండి హాజ్జా. ఏం ముట్టట్లేదు మీరు."

చాలమ్మా, దేవుడి దయ, కడుపు నిండిందన్న మాట సిత్తనా నాలుక చివరిదాకా వచ్చింది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

"ఆకలిగానే ఉందే హవా," అంది. ఆ ముద్ద తీసుకుంది.